అడవి చూసి వచ్చాక జ్వరం వస్తే...

వారం రోజులు సెలవు దొరికింది. టూరిస్టు బస్సులో గంటకో చోట దిగి ఎక్కడం మీకు గిట్టదు. ఇష్టమైన చోట ఆగుతూ, మీ అంతట మీరే భద్రాచలం అడవులు చూసి రావాలనుకున్నారు. మంచి ఆలోచనే. కొత్తగూడెంలో ఉన్న భద్రాచలం రోడ్ స్టేషన్లో రైలు దిగితే, అక్కణ్ణుంచి భద్రాచలానికి బస్సులో సుమారు 40 కిలోమీటర్లు. దారిలో పాల్వంచ దిగితే కిన్నెరసాని జలాశయం చూడవచ్చు. రాములవారి దర్శనం అయ్యాక 35 కిలోమీటర్లు వెళితే పర్ణశాల. గోదావరిలో పడవలు నడిచే రోజులైతే, ఆంధ్రప్రదేశ్ వైపు పాపికొండలు.

ఇంటిల్లిపాదికీ బట్టలు, కెమెరా, పులిహోర పొట్లాలు అన్నీ సర్దుకుంటారు. దోమతెర మాత్రం చాలామందికి గుర్తుకు రాదు.

ఒకప్పటి ఖమ్మం జిల్లాలోని ఈ అటవీప్రాంతం 2016 నుంచి భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో ఉంది. మన్యపు జ్వరమని పెద్దలు భయపడిన మలేరియా మునుపటికంటే ఇప్పుడు బాగా తగ్గింది. తగ్గిందే గాని పోలేదు. వానాకాలంలోనూ, వానలు వెనకబట్టిన తర్వాత కొన్ని వారాలపాటూ దీని బెడద ఎక్కువ.

పట్నంలో దోమ అంటే మురికి కాలువే మనకు గుర్తొస్తుంది. సెలయేటి నీరు అద్దంలా ఉంటే, ఇక్కడ దోమలెక్కడివని ధీమా పడతాం. తెల్లనివన్నీ పాలు కావు! మలేరియాను మోసే అనాఫిలిస్ దోమ గుడ్లు పెట్టేది ఎక్కువగా అలాంటి శుభ్రమైన నీటిలోనే. వాగులు, వరిమళ్ళు, నీటి గుంటలు దానికి పుట్టిళ్ళు. 1897 ఆగస్టు 20న రోనాల్డ్ రాస్ మలేరియా క్రిమిని దోమ కడుపులో కనిపెట్టింది మన సికిందరాబాదులోనే.

ఈ దోమ కుట్టేది పొద్దుగూకినప్పటి నుంచి తెల్లవారేదాకా. కనుక పగలు నిశ్చింతగా తిరగండి. చీకటి పడేముందే పొడుగు చేతుల చొక్కాలు, కాళ్ళు కప్పే బట్టలు వేసుకోండి. బయట ఉన్న ఒంటికి దోమల మందు రాయండి. లాడ్జీలో అయినా, గూడెంలో అయినా దోమతెర కట్టుకుని, అంచులు పరుపు కిందికి దోపి పడుకోండి. గర్భిణీ స్త్రీలు, పసిపిల్లల తల్లులు ఈ ప్రయాణం తలపెట్టకముందే డాక్టరు సలహా తీసుకోవాలి.

"అక్కడి కోయవాళ్ళు అడవిలోనే ఉంటున్నారు గదా, వాళ్ళకేమైంది?" అని కొందరు అడుగుతారు. పదేపదే మలేరియా వచ్చిన పెద్దవాళ్ళకు కొంత తట్టుకునే శక్తి వస్తుంది. వాళ్ళ పిల్లలకు ఆ శక్తి లేదు. పట్నం నుంచి వెళ్ళిన మీకూ లేదు.

ఇక అసలు సంగతి. దోమ కుట్టిన మర్నాడే జ్వరం రాదు. సాధారణంగా వారం నుంచి రెండు వారాలు పడుతుంది. అంటే సెలవు ముగిసి, ఇల్లు చేరి, ఆఫీసుకు వెళ్ళడం మొదలుపెట్టాక చలి, వణుకు, తలనొప్పి, వాంతులు ఆరంభమవుతాయి. ప్రయాణపు బడలిక అనో, నీళ్ళు పడలేదనో మీరు అనుకుంటారు. అడవికి వెళ్ళిన మాట మీరు చెప్పకపోతే డాక్టరుకూ మలేరియా తట్టకపోవచ్చు. రోజు విడిచి రోజు వస్తేనే మలేరియా అనుకోవడం కూడా పొరపాటు. ఫాల్సిపేరం రకం రోజూ రావచ్చు, వేళాపాళా లేకుండానూ రావచ్చు. వైద్యం ఆలస్యమైతే మెదడుకు ఎక్కి, కొద్ది రోజుల్లోనే ప్రాణం తీయగలదు.

అందుచేత తిరిగి వచ్చిన నెల రోజుల్లోపల ఏ జ్వరం వచ్చినా, ఆ రోజే రక్తపరీక్ష చేయించండి. ప్రభుత్వ ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఈ పరీక్ష ఉచితం. ఒకసారి మలేరియా లేదని వచ్చినా, జ్వరం తగ్గకపోతే మళ్ళీ చేయించాలి. ఇంట్లో మిగిలిపోయిన మాత్రలు వేసుకుని ఊరుకోవద్దు. పాత క్లోరోక్విన్ ఫాల్సిపేరం మీద పనిచేస్తుందన్న నమ్మకం లేదు. జ్వరం దిగింది కదా అని మందు మధ్యలో మానవద్దు. వైవాక్స్ రకం కాలేయంలో నక్కి ఉండి నెలల తర్వాత తిరగబెడుతుంది. దాన్ని నిర్మూలించే మందు డాక్టరు రాసినన్నాళ్ళూ వాడాలి. మగత, మాట తడబడటం, ఫిట్సు, ఆయాసం, కళ్ళు పచ్చబడటం, మూత్రం నల్లగా రావడం – వీటిలో ఏది కనిపించినా క్షణం ఆలస్యం చేయక పెద్దాసుపత్రికి వెళ్ళాలి.

డాక్టరు నాడి చూడబోయే ముందే ఒక్క మాట చెప్పండి: "ఫలానా తేదీల్లో భద్రాచలం అడవుల్లో తిరిగి వచ్చామండీ." ఆ ఒక్క మాటతో వైద్యం సరైన దారిన పడుతుంది. నిర్భయంగా వెళ్ళి, హాయిగా చూసి రండి. దోమతెర మాత్రం పెట్టెలో అన్నిటికంటే పైన పెట్టుకోండి.