కోడలి కోసం మగపెళ్లివారి నేత

మాది నేత ఇల్లు. నాన్న గుంట మగ్గంలో కూర్చుంటే అమ్మా నేనూ కండెలు చుట్టేవాళ్లం. అందుకే హోపీల్లో మగవాళ్లే నేస్తారంటే నాకు వింతనిపించలేదు. ఎవరి కోసం నేస్తారో తెలిశాకే ఆశ్చర్యపోయాను!

అమ్మాయి దగ్గరికి అరిజోనా వెళ్లినప్పుడు ఒక మ్యూజియంలో చూశానది. తెల్లటి నూలు నడికట్టు, రెండు చివర్లా గుండ్రటి ముడులు, పొడుగాటి కుచ్చులు. "పెళ్లికూతురిదమ్మా. మగపెళ్లివారే చేసివ్వాలట" అంది మా అమ్మాయి.

అరిజోనా ఈశాన్యంలో మూడు మెట్టల మీదా, వాటి పాదాల దగ్గరా ఉంటాయి హోపీల ఊళ్లు. వాన బహు తక్కువ. అయినా సుమారు మూడు నెలల్లోనే కాయ పగిలే పత్తిని తరతరాలుగా పండించుకున్నారు. 1912లో శాస్త్రజ్ఞులు దానికి 'గాసిపియం హోపీ' అని పేరు కూడా పెట్టారు. ఇప్పుడు ఎక్కువగా కొన్న నూలే వాడుతున్నారు.

ఈ నడికట్టుకి పేక ఉండదు, నాడె ఉండదు. రెండు కర్రల చుట్టూ పోగులు చుట్టి, జడ అల్లినట్టు వేళ్లతోనే అల్లుతారు. ఒక చివర అల్లుతుంటే ఆ మెలికే రెండో చివరా పడుతుంది. అల్లిక జారిపోకుండా మధ్యలో పుల్లలు గుచ్చుతారు. మొక్కజొన్న పొత్తు మీది ఎండుపొరలకి నూలు చుట్టి ముడులు చేస్తారు. కింద వేలాడే కుచ్చులు వానధారలకి గుర్తు.

దీంతోపాటు రెండు తెల్లని దుప్పట్లు కూడా పెళ్లికొడుకు తండ్రీ, మేనమామలూ, చుట్టాలూ కలిసి నేసిపెడతారు. పెళ్లికూతురు మాత్రం ఊరుకుంటుందా? అత్తవారింట్లో రోజుల తరబడి మొక్కజొన్న విసురుతుంది. నేతకి బదులుగా పుట్టింటివాళ్లు పిండి ఇస్తారు. చనిపోయాక ఆమె పరలోకానికి వెళ్లేదీ ఈ పెళ్లిబట్టలతోనే అని వాళ్ల నమ్మకం. అందుకే పిల్లలు పుట్టాక, ఏళ్లు గడిచాకైనా సరే, ఈ బాకీ తీర్చాల్సిందే!

"అమ్మా, తాతయ్య మగ్గం ఏమైంది?" అనడిగింది అమ్మాయి, అక్కడే నిలబడి.

ఏం చెప్పను? నా కట్నం కోసం నాన్న దాన్ని అమ్మేశాడు. తర్వాత ఇంకొకరి మగ్గం మీద కూలికి నేశాడు. ఆ సంగతి ఆ రోజే మొదటిసారి దానికి చెప్పాను.

ఇప్పుడు మా అబ్బాయికి సంబంధాలు చూస్తున్నాం. పిల్లవాళ్ల దగ్గర పైసా తీసుకోవద్దని మావారికి గట్టిగా చెప్పేశాను. కోడలి పెళ్లిచీర మాత్రం మా ఊరి మగ్గం మీద నేయిస్తున్నాను. కండెలు నేనే చుడతాను!