కాళ్లు బిగుసుకుంటే వయసు మీదకు నెట్టేయకండి

ఇంట్లో పెద్దాయన నడక మారుతుంది. కాలు ఎత్తి వేయలేక ఈడుస్తూ నడుస్తారు. చెప్పు ఎక్కడ జారిపోయిందో తెలియదు. "వయసు కదా" అని ఇంట్లోవాళ్లు సరిపెట్టుకుంటారు. కాళ్లు కట్టెల్లా బిగుసుకుపోయి మంచం పట్టాక ఆసుపత్రికి తీసుకొస్తారు. ముందే తీసుకొచ్చి ఉంటే వారిలో కొందరు తిరిగి నడవగలిగేవారు.

వెన్నుపాము అంటే ఏమిటి?

మెదడు నుంచి కాళ్లూ చేతులకు ఆజ్ఞలు మోసుకెళ్లే నరాల కట్టే వెన్నుపాము. ఇది వెన్నుపూసల మధ్య ఇరుకైన గొట్టంలో ఉంటుంది. ఆ గొట్టంలో ఎముక పెరిగినా, చీము చేరినా, డిస్కు జారినా వెన్నుపాము నలిగిపోతుంది.

గుర్తించడం ఎలా?

- రెండు కాళ్లూ బరువెక్కడం, బిగుసుకోవడం
- అరికాళ్లలో తిమ్మిరి, స్పర్శ తెలియకపోవడం
- ఛాతీ లేదా పొట్ట చుట్టూ పట్టీ బిగించినట్లు ఉండడం
- చొక్కా గుండీలు పెట్టుకోవడం కష్టం కావడం
- మూత్రం ఆపుకోలేకపోవడం లేదా రాకపోవడం

చివరి లక్షణం కనిపిస్తే ఒక్క రోజు కూడా ఆగకూడదు.

చేయి ఊరికే ఉన్నప్పుడు వణకడం, పనులన్నీ నెమ్మదించడం, ముఖంలో కదలిక తగ్గడం పార్కిన్సన్స్ జబ్బు లక్షణాలు. అది మెదడుకు సంబంధించినది. దానికి లీవోడోపా వంటి మంచి మందులున్నాయి.

నీటిలోనే కారణం

మన ప్రాంతంలో ప్రత్యేకంగా చెప్పుకోవలసినది ఫ్లోరోసిస్. 1937లో నాటి నెల్లూరు జిల్లాలో దీన్ని వైద్యులు వర్ణించారు. 1955లో నల్లగొండ జిల్లా రోగుల గురించి బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వ్యాసం వచ్చింది. తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించకూడదు. అంతకంటే బాగా ఎక్కువ ఉన్న నీటిని ఏళ్ల తరబడి తాగితే వెన్నులోని కండరబంధాలు ఎముకలా గట్టిపడి, వెన్నుపామును నొక్కుతాయి. మెడ తిరగదు, నడుము వంగదు. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు 1973లో, ఇలాంటి ప్రాంతాల్లో మోకాళ్లు లోపలికి వంకరపోవడాన్ని కూడా వివరించారు.

నీటిని కాచితే ఫ్లోరైడ్ పోదు, నీరు ఆవిరైన కొద్దీ ఇంకా చిక్కబడుతుంది. ఊళ్లో బోరునీరు తాగుతుంటే పరీక్ష చేయించండి. నదీజలాల పథకం నీరు అందుతుంటే తాగడానికీ వంటకూ అదే వాడండి. గట్టిపడిన ఎముకను కరిగించే మందు లేదు. నరం నలుగుతుంటే ఆపరేషన్‌తో ఒత్తిడి తగ్గించవచ్చు, కొందరికి మేలు జరుగుతుంది.

పప్పులోనూ జాగ్రత్త

కేసరి పప్పును నెలల తరబడి ప్రధాన ఆహారంగా తింటే కాళ్లు బిగుసుకుపోతాయి. అందులోని విషపదార్థాన్ని 1964లో వేరుచేసిన శాస్త్రవేత్తల్లో ఒకరైన ఎస్.ఎల్.ఎన్. రావుగారు తరువాత ఉస్మానియా విశ్వవిద్యాలయంలో ఆచార్యులుగా పనిచేశారు. పోయిన శక్తి పూర్తిగా తిరిగిరాదు. అందుకే కందిపప్పు, శనగపిండి నమ్మకమైన చోట కొనండి.

నయమయ్యేవి ఎన్నో

వెన్నుపూసల క్షయకు పూర్తి కోర్సు మందులు వాడాలి, ఇవి ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితం. రాత్రిపూట వెన్నునొప్పి, సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం దీని గుర్తులు. బి12 విటమిన్ లోపానికి ఇంజెక్షన్లు చాలు. కానీ రెండింటిలోనూ ఆలస్యమైతే నష్టం మిగిలిపోతుంది.

ఇవి చేయకండి

ఎదురుకాళ్లతో పుట్టినవారిచేత నడుము తొక్కించుకోవడం, మెడ విరిపించుకోవడం ప్రమాదకరం. క్షయతో గుల్లబారిన పూస విరిగితే కాళ్లు ఒక్కసారిగా పడిపోవచ్చు.

డాక్టరుగారు నడక చూసి, మోకాలిపై చిన్న సుత్తితో తట్టి, అవసరమైతే ఎక్స్‌రే, ఎం.ఆర్.ఐ. తీయిస్తారు. మంచం పట్టినవారిని రెండు గంటలకోసారి పక్కకు తిప్పండి, లేకుంటే పుండ్లు పడతాయి. ఫిజియోథెరపీ మానకండి.

ఈ రోజే మీ ఇంట్లో పెద్దవారిని పది అడుగులు నడవమని, ఒకసారి గమనించండి.