లినెన్ రూములో లేని లినెన్

మన ఆసుపత్రిలో ఒక్కరోజైనా అడ్మిట్ అయిన వారికి ‘లినెన్ రూము’ అనే మాట తెలిసే ఉంటుంది. వరండా చివర, ఎప్పుడూ ఇస్త్రీ వాసన వచ్చే గది. ఉతికిన దుప్పట్లు, దిండు గలీబులు, ఆపరేషను గౌన్లు అక్కడి నుండే వార్డులకు వెళతాయి. డ్యూటీ మారేటప్పుడు సిస్టర్లు లినెన్ లెక్క ఒప్పజెప్పాలి. అయితే ఆ గదంతా వెదికినా అసలు లినెన్ ఒక్క ముక్క కూడా దొరకదు. ఉన్నదంతా నూలు, కొంత పాలిస్టరు కలిసిన నూలు. పూర్వం ఐరోపా ఆసుపత్రుల్లో పక్కబట్టలు, గాయాలకు కట్టే గుడ్డలు లినెన్‌వే. బట్ట మారిపోయింది, పేరు మిగిలింది.

ఇప్పుడు బట్టల షాపుల్లో ఆ పేరు మళ్ళీ వినబడుతోంది. ఖరీదు మాత్రం నూలు కంటే బాగా ఎక్కువ. “ఇంత పెట్టి కొనాలా? ఒంటికి నిజంగా మంచిదేనా?” అని సంఘ కుటుంబాల వారు కొందరు మమ్మల్ని అడిగారు. వారి కోసమే ఈ నాలుగు మాటలు.

లినెన్ అంటే అవిసె మొక్క నార. మనం కారప్పొడి కొట్టుకునే అవిసె గింజల మొక్కే. (పెరట్లో పెరిగే అవిసె చెట్టు, ఆకు కూర వండుకునేది, అది వేరు.) బైబిలులో మనం చదివే ‘సన్నపు నారబట్ట’ ఇదే. ఐగుప్తు రాజుల శవాలను చుట్టిన బట్ట కూడా ఇదే.

మన దేశంలో అవిసెను ఎక్కువగా గింజల కోసమే వేస్తారు. ఆ రకం పొట్టిగా, కొమ్మలు వేస్తూ పెరుగుతుంది. నార కోసం వేసే రకం సన్నగా, నిటారుగా సుమారు మీటరు ఎత్తు ఎదుగుతుంది. ఉత్తర ఫ్రాన్సు, బెల్జియం, నెదర్లాండ్స్ సముద్ర తీరపు చల్లని నేలలు దీనికి సరిపోతాయి. ప్రపంచంలో పొడవు నార ఎక్కువ భాగం అక్కడిదే. మార్చి, ఏప్రిల్ నెలల్లో చల్లితే సుమారు వంద రోజులకు చేతికి వస్తుంది. అక్కడ ఎక్కువ భాగం వాన నీటితోనే పండుతుంది. నార పొడవు తగ్గకూడదని మొక్కను కోయరు, వేళ్ళతో సహా పీకుతారు.

తరువాతి పని శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల వారికి చెప్పనక్కరలేదు. గోగు కట్టెలను చెరువులో నానబెట్టి నార ఒలవడం వారు చిన్నప్పటి నుండి చూసినదే. ఆ రోజుల్లో చెరువు గట్టున వచ్చే వాసన కూడా వారికి గుర్తుండే ఉంటుంది! అవిసెకూ అదే సూత్రం. కట్టెలోని జిగురు కరిగితేనే నార విడివడుతుంది. ఒకప్పుడు బెల్జియంలో లీస్ నదిలో నానబెట్టేవారు, నది నీరు పాడయ్యేది. ఇప్పుడు పీకిన మొక్కలను పొలంలోనే కొన్ని వారాలు పరచి ఉంచుతారు. మంచుకు, వానకు తడిసి, సూక్ష్మజీవుల వలన ఆ జిగురు కరుగుతుంది. చెరువు అక్కరలేదు, నది చెడదు. గింజ నూనెకు పోతుంది, పొట్టి నార తాళ్ళకు, కాగితానికి పోతుంది, పారవేసేది దాదాపు ఏమీ ఉండదు. పెట్రోలియం నుండి తయారై, ఉతికినప్పుడల్లా సన్నని ప్లాస్టిక్ పోగులను నీటిలోకి వదిలే పాలిస్టరుతో పోల్చి చూడండి.

ఇక ఒంటి సంగతి.

బయటికి పొడిగా కనిపించే బట్ట కూడా గాలిలోని తేమను కొంత పీల్చుకుంటుంది. గాలిలో తేమ 65 శాతం ఉన్నప్పుడు 100 గ్రాముల లినెన్ సుమారు 12 గ్రాముల తేమ పట్టుకుంటుంది. నూలు సుమారు 8 గ్రాములు. పాలిస్టరు అర గ్రాము కూడా పట్టుకోదు. మన ఎండాకాలంలో కరెంటు పోయిన రాత్రి ఈ తేడా ఏమిటో వీపుకు తెలుస్తుంది. లినెన్ చెమటను పీల్చుతుంది, త్వరగా ఆరుతుంది. తడిసినప్పుడు దాని పోగు బలం తగ్గదు సరికదా, పెరుగుతుంది. అందుకే ఎన్ని ఉతుకులైనా ఓర్చుకుంటుంది.

ఇక్కడ మా పొరపాటు ఒకటి చెప్పాలి. ఒక వేసవిలో పక్షవాతం వచ్చిన పెద్దాయనను మా వార్డు నుండి ఇంటికి పంపించాము. పది రోజులకే కూతురు ఆటోలో తిరిగి తీసుకువచ్చింది. వీపు నిండా చెమటకాయలు, నడుము కింద చర్మం ఎర్రగా కమిలింది. “పక్క ఏమి వేశారమ్మా?” అని అడిగాము. “నాన్నగారి కోసమని కొత్త దుప్పటి కొన్నానండీ” అంది. తీసి చూస్తే మెరిసే పూల దుప్పటి, పూర్తిగా పాలిస్టరు, దాని కింద రెక్సిన్. ఆ అమ్మాయి కళ్ళనీళ్ళు పెట్టుకుంది. మందుల చీటీ మూడుసార్లు చదివి వినిపించిన మేము, పక్క ఎలా వేయాలో ఒక్క మాట చెప్పలేదు. తప్పు మాది.

అప్పుడు ఆమె అడిగింది, “అయితే లినెన్ కొనమంటారా?” అని. వద్దన్నాము. కారణం ఉంది. లినెన్ కొత్తలో గరుకుగా ఉంటుంది, పైగా ముడతలు దాని పుట్టుక గుణం. తిరగలేని రోగి కింద ముడత పడితే అక్కడే చర్మం నలుగుతుంది. అటువంటి వారికి ఎన్నోసార్లు ఉతికి మెత్తబడిన నూలు దుప్పటి మేలు. బాగా లాగి, అంచులు పరుపు కిందికి దోపాలి. రెక్సిన్ తప్పనిసరి అయితే పైన నూలు దుప్పటి మందంగా వేసి, తడిసిన వెంటనే మార్చాలి. అయితే ఏ బట్టా తనంత తాను పడక పుండ్లను ఆపలేదు. రెండు గంటలకొకసారి పక్క మార్చడం, చర్మం చూసుకోవడం మానకూడదు. ఎర్రబడిన చోటు నొక్కినా తెల్లబడకపోతే మా దగ్గరకు తీసుకురండి.

లేచి తిరిగేవారికి, చెమట ఎక్కువ పట్టేవారికి లినెన్ బాగుంటుంది. వంటింట్లో గిన్నెలు తుడవడానికి అంతకంటే మంచి గుడ్డ లేదు, గాజు గ్లాసులకు నూగు అంటదు. పొయ్యి మీది గిన్నె దించడానికి మాత్రం ఏ బట్టయినా మందంగా మడిచి పట్టుకోండి. పాలిస్టరు వద్దు, అది వేడికి కరిగి చేతికి అంటుకుంటుంది. నూలు, లినెన్ కరగవు, కానీ మంట తగిలితే అంటుకుంటాయి. జాగ్రత్త రెంటికీ ఉండవలసిందే.

కొనేటప్పుడు షాపువారు ‘లినెన్’ అన్న ప్రతిదీ లినెన్ కాదు. లేబులు మీద ఎంత శాతమో చదవండి. అంచు నుండి ఒక పోగు లాగి, ఇంటి బయట పట్టకారుతో పట్టుకుని కాల్చి చూడవచ్చు. కాగితం కాలిన వాసన వచ్చి, మెత్తని బూడిద అయితే నూలో, లినెనో. ముడుచుకుని గట్టి పూసలా అయితే పాలిస్టరు కలిసింది. నూలుకూ లినెన్‌కూ తేడా ఈ పరీక్షలో తెలియదు. పిల్లల చేత చేయించకండి.

ఉతకడం కష్టం కాదు. వేడినీళ్ళకు ఆగుతుంది, కానీ మొదటి ఉతుకుకు కొంచెం కుంచించుకుపోతుంది. బ్లీచింగ్ తరచూ వాడితే పోగు బలహీనపడుతుంది. కొంచెం తడి ఉండగానే ఇస్త్రీ చేయాలి. ప్రతిసారీ ఒకే గీత మీద మడత పెడితే అక్కడే చిరుగుతుంది.

ఖరీదు మాట దాచము. ఈ నార ఎక్కువగా బయటి దేశాల నుండి వస్తుంది, పశ్చిమ బెంగాల్‌లోని రిష్రా వంటి చోట్ల మిల్లుల్లో నూలుగా వడుకుతారు. అంత దూరం నుండి వచ్చిన దాని కోసం మన ఊరి చేనేత నూలు దుప్పటిని మానుకోమని మేము చెప్పము. కొని చూడాలనిపిస్తే ఒక చేతి తువ్వాలుతో మొదలుపెట్టండి.

ఆ పెద్దాయన సంగతి అడుగుతారేమో. కూతురు ట్రంకు పెట్టెలోంచి వాళ్ళ అమ్మగారి పాత నూలు చీరలు రెండు తీసి, కలిపి కుట్టి పక్క వేసింది. మూడు వారాలకు వీపు మామూలుగా అయింది.