గుండె ఆగకముందే మోగే గంట

పెన్‌పహాడ్ నుంచి నిమోనియాతో వచ్చి సూర్యాపేట పెద్దాసుపత్రిలో చేరిన ఒక రైతును ఊహించుకోండి. రాత్రి రెండింటికి సిస్టర్ చూసేసరికి ఊపిరి నిమిషానికి 24, ఆక్సిజన్ 93, నాడి 112, పై బీపీ 104, జ్వరం 101.5. ఇంకా ఆక్సిజన్ పెట్టలేదు. మనిషి తెలివిగానే మాట్లాడుతున్నాడు. విడివిడిగా చూస్తే ఇందులో ఏ అంకే అంతగా కంగారు పెట్టదు. కలిపి చూస్తే మాత్రం డాక్టరును అప్పటికప్పుడు పిలవాలి.

అలా కలిపి చూడటం నేర్పిందే ముందస్తు హెచ్చరిక విధానం. అమెరికాలోని మయామి వైద్యులు ఆసుపత్రిలో ఉండగానే గుండె ఆగిన 64 మంది వివరాలు పరిశీలించి 1990లో ప్రకటించారు. వారిలో 84 శాతం మందికి, అంతకు ముందు ఎనిమిది గంటల్లోనే పరిస్థితి దిగజారిన గుర్తులు కేస్ షీట్లలో ఉన్నాయి. 1997లో ఇంగ్లండ్‌లోని గ్రేట్ యార్మత్‌లో మోర్గాన్ బృందం ఒక్కో కొలతకు మార్కులు వేసి కూడే పద్ధతి తెచ్చింది. 2012లో లండన్‌లోని రాయల్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ దేశమంతటికీ ఒకే పట్టిక ఇచ్చింది. దాని పేరు న్యూస్. ఆ లెక్కన మన రైతు ఊపిరికి 2, ఆక్సిజన్‌కు 2, నాడికి 2, బీపీకి 1, జ్వరానికి 1, మొత్తం 8. అయిదు వస్తే డాక్టరు త్వరగా చూడాలి. ఏడు, ఆపైన వస్తే అత్యవసరం.

చేత్తో కూడితే తప్పులు దొర్లుతాయి, ఒక పరీక్షకూ మరో పరీక్షకూ నడుమ గంటలు గడిచిపోతాయి. అందుకే ఈ పని యంత్రానికి అప్పజెప్పారు. 2015లో బెంగళూరులో మొదలైన డోజీ సంస్థ షీటును పరుపు కింద పరిస్తే చాలు, ఒంటికి తగలకుండానే గుండె, ఊపిరి కదలికలను పసిగడుతుంది.

కాలిఫోర్నియాలోని కైజర్ పర్మనెంటే ఆసుపత్రుల్లో యంత్రం గంటగంటకూ రికార్డులు చదివి, వచ్చే 12 గంటల్లో ఎవరికి విషమించవచ్చో చెబుతుంది. ఆ అలర్ట్ నేరుగా వార్డులో మోగదు. వేరేచోట కూర్చున్న నర్సులు ముందు పరిశీలించి, అవసరమైతేనే ఆసుపత్రికి ఫోన్ చేస్తారు. దీనివల్ల ఏటా 520 మరణాలు తప్పాయని 2020లో అంచనా కట్టారు. అయితే అన్ని గంటలూ ఇలా పనికిరావు. 2021లో మిషిగన్ యూనివర్సిటీ వైద్యులు, ఆసుపత్రి రికార్డుల సాఫ్ట్‌వేర్ చేసే ఎపిక్ కంపెనీ సెప్సిస్ (ఇన్‌ఫెక్షన్ ముదిరి అవయవాలు దెబ్బతినే స్థితి) అలర్ట్‌ను పరీక్షిస్తే, మూడింట రెండొంతుల కేసులు దానికి చిక్కనే లేదు. అయినా చేరిన ప్రతి వందమందిలో 18 మందికి అది మోగింది. ఊరికే మోగే గంటను కొన్నాళ్లకు ఎవరూ పట్టించుకోరు. అందుకే యంత్రం కొనే ముందు ప్రతి ఆసుపత్రీ వేసుకోవాల్సిన ప్రశ్న ఇది: మోగితే ఎవరు వస్తారు, ఎన్ని నిమిషాల్లో వస్తారు?

ఊపిరి, నాడి, బీపీ లాంటి కొలతలన్నిటిలో ఎక్కువ అశ్రద్ధకు గురయ్యేది ఊపిరి. దానికి యంత్రం కూడా అక్కర్లేదు. మీవాళ్లు ఆసుపత్రిలో ఉంటే గడియారం చూస్తూ నిండా ఒక నిమిషం ఛాతీ కదలికలు లెక్కపెట్టండి. పెద్దవాళ్లకు 25 గానీ అంతకు మించి గానీ వస్తే, తెల్లారేదాకా ఆగకుండా సిస్టర్‌కు చెప్పండి.