మోకాలి వదులు కొలిచే పరికరం.. ఆ అంకెను ఎంత వరకు నమ్మొచ్చు?

ఆటలోనో, బైక్ మీంచి పడ్డప్పుడో మోకాలు మెలిపడితే లోపలున్న ఏసీఎల్ అనే లిగమెంట్ తెగే ప్రమాదం ఉంది. కింది కాలి ఎముక ముందుకు జారకుండా పట్టి ఉంచేది ఇదే. ఇది తెగితే మోకాలు వదులవుతుంది. నడుస్తుంటే కాలు పట్టు తప్పినట్టు అనిపిస్తుంది.

ఈ వదులును డాక్టర్లు ముందుగా చేత్తోనే చూస్తారు. దాన్ని లాక్‌మన్ పరీక్ష అంటారు. అదే వదులును మిల్లీమీటర్లలో చూపడానికి 1980లలో అమెరికాలో కేటీ-1000 అనే పరికరం వాడకంలోకి వచ్చింది. మోకాలిని 20 నుంచి 30 డిగ్రీలు వంచి, పరికరాన్ని కాలికి కట్టి, కింది ఎముకను ముందుకు లాగుతారు. ఎముక ఎంత జరిగిందో డయల్ చెబుతుంది. ఎక్కువగా వాడే బలాల్లో ఒకటి 134 న్యూటన్లు. అంటే దాదాపు పదమూడున్నర కిలోల బరువుతో సమానం.

ఇక్కడ ముఖ్యమైనది ఒక కాలి అంకె కాదు, రెండు కాళ్లకూ ఉన్న తేడా. కొందరికి పుట్టుకతోనే కీళ్లు వదులుగా ఉంటాయి. దెబ్బ తగిలిన కాలు 9, బాగున్న కాలు 8 మిల్లీమీటర్లు చూపిస్తే అది పెద్ద తేడా కాదు. అదే 9కి 4 వస్తే అనుమానించాల్సిందే. సాధారణంగా 3 మిల్లీమీటర్లు, అంతకు మించిన తేడాను లిగమెంట్ తెగిందనడానికి సూచనగా తీసుకుంటారు.

మరి పొరపాటు ఎక్కడ వస్తుంది? నొప్పికి భయపడి పేషెంట్ తొడ వెనక కండరాలు బిగిస్తే, ఉన్న వదులు తక్కువగా కనిపిస్తుంది. మత్తు ఇచ్చి చూస్తే అదే కాలు ఎక్కువ వదులుగా తేలొచ్చు. పరికరం కాస్త పక్కకు జరిగినా, పాదం తిరిగి ఉన్నా, చూసేవారికి అనుభవం లేకపోయినా అంకె మారుతుంది. రోలిమీటర్ అనే చిన్న పరికరంలో లాగే బలాన్ని కొలిచే ఏర్పాటే లేదు, అంతా చేతి అంచనానే. ఫ్రాన్స్‌లో తయారైన జీఎన్‌ఆర్‌బీలో మోటారే నిర్ణీత బలంతో నెడుతుంది కాబట్టి చేతివాటం ప్రభావం తగ్గుతుంది. అయినా పట్టీలు ఎంత బిగించారన్నది దాని ఫలితాన్నీ మార్చగలదు.

ఇంకో పరిమితి ఉంది. ఇవి ప్రధానంగా ఎముక ముందుకు జారడాన్నే కొలుస్తాయి. మోకాలు మెలితిరిగే వదులును పట్టుకోవడానికి డాక్టర్ చేసే పివట్ షిఫ్ట్ పరీక్ష అవసరం.

ఆపరేషన్ తర్వాత పోయినసారి 2, ఈసారి 3 మిల్లీమీటర్లు వచ్చిందని కంగారు పడక్కర్లేదు. అంత చిన్న తేడా కొలతలోనే రావచ్చు. వీలైతే ప్రతిసారీ అదే పరికరంతో, అదే మనిషితో, అంతే బలంతో కొలిపించుకోవాలి. వేర్వేరు పరికరాల అంకెలను పక్కపక్కన పెట్టి పోల్చకూడదు.

ఆపరేషన్ కావాలా వద్దా అన్నది ఒక్క అంకె తేల్చదు. డాక్టర్ పరీక్ష, ఎంఆర్‌ఐ, కాలు ఎన్నిసార్లు పట్టు తప్పుతోంది, చేసే పని ఎలాంటిది.. ఇవన్నీ కలిపి చూడాలి. రిపోర్టు చేతికొచ్చాక అడగాల్సిన మొదటి మాట: "రెండు కాళ్లకూ తేడా ఎంత డాక్టర్ గారూ?"