మీకు తెలుసా? మన దేశంలో ఓర్కా షోకు అనుమతి లేదు

అమీర్‌పేటలోనో పంజగుట్టలోనో ఎంత పెద్ద మాల్ కట్టినా, అందులో ఓర్కాలతో, డాల్ఫిన్లతో షోలు పెట్టడానికి అనుమతి దొరకదు. అలాంటి కేంద్రాలు ఎక్కడా వద్దని 2013 మే నెలలోనే కేంద్ర జూ అథారిటీ రాష్ట్రాలకు చెప్పేసింది. కిల్లర్ వేల్ అంటారు గానీ, ఓర్కా డాల్ఫిన్ల కుటుంబంలో అన్నిటికంటే పెద్దది. 1990ల చివర్లో ఇలాంటి షోల కోసం చెన్నై దగ్గర్లోని డాల్ఫిన్ సిటీ అనే వినోద పార్కుకు విదేశాల నుంచి తెప్పించిన డాల్ఫిన్లు కొద్దికాలానికే చనిపోయాయి.

ఈ నిషేధం ఎంత మంచిదో తెలియాలంటే అమెరికాలో జరిగింది చూడాలి. 1970 ఆగస్టులో వాషింగ్టన్ రాష్ట్రంలోని పెన్ కోవ్‌లో ఓర్కాల గుంపును పడవలతో, పేలుళ్లతో బెదరగొట్టి వలల్లోకి తరిమారు. ఏడు పిల్లలను తల్లుల నుంచి వేరుచేసి అమ్మేశారు. వలలో చిక్కి చచ్చిపోయిన పిల్లల పొట్టలు చీల్చి, రాళ్లు నింపి, ఎవరి కంటా పడకుండా నీళ్లలో ముంచేశారు. అయినా కొన్ని నెలలకు ఆ కళేబరాలు ఒడ్డుకు కొట్టుకొచ్చాయి. అప్పుడు అమ్ముడైన టోకిటే అనే ఆడ ఓర్కా దాదాపు 53 ఏళ్లు మయామీలోని తొట్టెలోనే బతికి, 2023లో అక్కడే చనిపోయింది. అది పుట్టిన సదరన్ రెసిడెంట్ ఓర్కాల సమూహాన్ని అమెరికా 2005లో అంతరించిపోతున్న జీవుల జాబితాలో చేర్చింది. ఇప్పుడు అందులో మిగిలినవి 80 లోపే. అవి ముఖ్యంగా తినే చినూక్ సాల్మన్ చేపలు కూడా తగ్గిపోతున్నాయి.