నెట్ పోయినా పని పోదు: టీమక్స్‌పై అపోహలు, వాస్తవాలు

అపోహ: టీమక్స్ అంటే టెర్మినల్ తెరను ముక్కలు చేసుకునే సాధనం.

ముక్కలు చేస్తుంది, నిజమే. కానీ దాని అసలు విలువ వేరు. ఎస్‌ఎస్‌హెచ్‌తో సర్వర్‌లోకి వెళ్లి డేటాబేస్ బ్యాకప్ మొదలుపెట్టారనుకోండి. మధ్యలో నెట్ పోయింది. కనెక్షన్ తెగిందని సర్వర్ గుర్తించగానే షెల్‌కూ, అందులో నడుస్తున్న ప్రోగ్రాములకూ హ్యాంగప్ సిగ్నల్ వెళ్తుంది. చాలా ప్రోగ్రాములు దాంతో ఆగిపోతాయి, బ్యాకప్ సగంలో ఉండిపోతుంది. టీమక్స్‌లో రెండు భాగాలుంటాయి: కమాండ్లను నడిపే సర్వర్ ప్రాసెస్ ఒకటి, వాటిని మీకు చూపించే క్లయింట్ ఒకటి. నెట్ పోతే పోయేది క్లయింటే. మళ్లీ లాగిన్ అయి ‘టీమక్స్ అటాచ్’ కొడితే బ్యాకప్ నడుస్తూనే కనిపిస్తుంది.

అయితే టీమక్స్‌ను ఆ దూరపు సర్వర్‌లోనే, పని మొదలుపెట్టకముందే తెరవాలి. ల్యాప్‌టాప్‌లో తెరిచి అందులోంచి ఎస్‌ఎస్‌హెచ్ చేస్తే ఈ రక్షణ ఉండదు. చాలామంది దెబ్బతినేది ఇక్కడే.

అపోహ: నోహప్ కమాండ్ ఉండగా టీమక్స్ ఎందుకు?

నోహప్ పనిని బతికిస్తుంది, కానీ దానితో మాట్లాడనివ్వదు. ప్రోగ్రాం మధ్యలో ‘కొనసాగించాలా?’ అని అడిగితే జవాబిచ్చే దారి ఉండదు. ఉబుంటు సర్వర్ వెర్షన్ మార్చేటప్పుడు ఇలాంటి ప్రశ్నలు తప్పవు. అందుకే ఆ అప్‌గ్రేడ్ సాధనం తనంతట తానే స్క్రీన్ లోపల నడుస్తుంది. స్క్రీన్ కూడా టీమక్స్ లాంటి సాధనమే; అది 1987 నుంచీ ఉంది, టీమక్స్ వచ్చింది 2007లో.

అపోహ: సర్వర్ రీస్టార్ట్ అయినా సెషన్ ఉంటుంది.

ఉండదు. సెషన్లన్నీ మెమరీలోనివే. రిజరెక్ట్ అనే ప్లగిన్ విండోల అమరికను తిరిగి తెస్తుంది తప్ప, సగం నడిచిన లెక్కను ఆగినచోటు నుంచి నడిపించలేదు. రోజుల తరబడి సాగే లెక్కలకు ప్రోగ్రాంలోనే చెక్‌పాయింట్లు రాసుకోవాలి. ఎప్పుడూ నడుస్తూ ఉండాల్సిన వెబ్‌సైట్‌ను సిస్టమ్‌డీ సర్వీసుగా పెట్టాలి, టీమక్స్‌కు వదిలేయకూడదు.

అపోహ: నేర్చుకోవడం కష్టం.

‘టీమక్స్’ అని కొట్టి మొదలుపెట్టడం, కంట్రోల్-బి నొక్కి వదిలి డి నొక్కి బయటికి రావడం, అటాచ్‌తో తిరిగి వెళ్లడం. మొదటి నెలకు ఇవి చాలు.

అపోహ: డిటాచ్ చేస్తే లాగౌట్ అయినట్టే.

ఇది ప్రమాదకరమైన నమ్మకం. రూట్ షెల్ తెరిచి డిటాచ్ చేస్తే అది లోపల తెరిచే ఉంటుంది. మీ అకౌంట్‌లోకి ఎవరు చొరబడినా పాస్‌వర్డ్ లేకుండానే రూట్ అధికారం వాళ్ల చేతికొస్తుంది. సర్వర్ వదిలే ముందు ‘టీమక్స్ ఎల్ఎస్’ కొట్టి ఏ సెషన్లు మిగిలాయో చూడండి. పని అయిపోయిన వాటిని ఎగ్జిట్‌తో మూసేయండి.